ఇల్లు లేనప్పుడు షుగర్ మెసేజీలు: చాలాకాలం వాడాక నా మాట

ఇల్లు లేని షుగర్ పేషెంట్లకు క్లినిక్ నుంచి ఫోన్‌కు మెసేజీలు పంపే సర్వీసు ఇది. యాప్ లేదు, నెట్ అక్కర్లేదు, పాత కీప్యాడ్ ఫోనైనా చాలు. షెల్టర్లలోనూ, అక్కడ చోటు దొరకనప్పుడు బయటా ఉంటూ చాలాకాలంగా వాడుతున్నాను. ముందే చెప్పేస్తాను, వచ్చే మెసేజీల్లో సగం దండగ. మిగతా సగం కోసమే దీన్ని వదల్లేదు.

దండగవి ఏవంటే, ఊరికే వచ్చిపడే సలహాలు. "వేళకు భోజనం చేయండి", "రోజూ అరగంట నడవండి". వేళకు తినడం నా చేతుల్లో ఉంటే ఇంత గొడవెందుకు? నడక సంగతి సరేసరి, పొద్దస్తమానం చేసేది అదే. ఇల్లూ వంటగదీ ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని రాసినవని చదవగానే తెలిసిపోతుంది.

అసలు ఉపయోగం తిరిగి జవాబు పంపగలగడంలో ఉంది. పొద్దున్నే ఒక ప్రశ్న వస్తుంది: "ఇవాళ తిండి దొరికేలా ఉందా? ఉంటే 1, లేకపోతే 2 పంపండి." గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు, మాట తడబడటం. చూసినవాళ్లు తాగి ఉన్నాడనుకుని పక్కకు తప్పుకుంటారు. 2 పంపిన రోజు ఆ మాత్ర సంగతి ఏం చేయాలో, నా డాక్టర్ చెప్పిన ప్రకారం నర్సు రాస్తుంది. షుగర్ పడిపోతే 15 గ్రాముల గ్లూకోజ్ తిని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలని నాకు బాగా ఎక్కింది కూడా ఈ మెసేజీలతోనే.

షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రతో మొదట్లో చాలామందికి కడుపు పాడవుతుంది. ఇల్లున్నవాళ్లకు అది చికాకు. టాయిలెట్ కోసం వెతుక్కునేవాళ్లకు మాత్ర మానేయడానికి ఆ ఒక్క కారణం చాలు. డాక్టర్ ఎదురుగా చెప్పడానికి సిగ్గేసింది గానీ మెసేజ్‌లో రాసేశాను. కడుపులో నెమ్మదిగా కరిగే రకానికి మార్చారు, ఇబ్బంది చాలావరకు తగ్గింది.

ఒకసారి "పడుకునే ముందు షూస్, సాక్స్ తీసి పాదాలు చూసుకోండి" అని వచ్చింది. "షూస్ తీస్తే తెల్లారేసరికి ఉండవు" అని పంపాను. "ఒక్కో కాలిది తీసి చూసుకుని వెంటనే తొడుక్కోండి. సాక్స్ తడిస్తే మాత్రం మార్చండి" అని జవాబొచ్చింది. అవతల మనిషి ఉన్నట్టు అప్పుడే నమ్మకం కుదిరింది. షుగర్‌తో పాదాలు మొద్దుబారితే పుండు పడినా నొప్పి తెలియదు, కాబట్టి కళ్లతో చూసుకోవాల్సిందే.

తెరిచిన ఇన్సులిన్ చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు ఫ్రిజ్ లేకుండానే 28 రోజుల దాకా పనికొస్తుంది. ఆ రోజుల లెక్క సర్వీసే చూసుకుంటుంది, గడువు దగ్గరపడగానే గుర్తుచేస్తుంది. ఇది బాగుంది.

విసిగించినవీ ఉన్నాయి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, గుణింతాల గుర్తులూ అందులో లెక్కే. దాంతో పెద్ద మెసేజ్ ముక్కలవుతుంది. నా పాత ఫోన్‌లో రెండో ముక్క ముందొచ్చిన రోజులున్నాయి. ఫోన్ పోయి నంబరు మారినప్పుడు కొన్నాళ్లపాటు నా మెసేజీలు ఎవరికి వెళ్లాయో దేవుడికే తెలియాలి. పైగా పక్క మంచం మీదవాళ్లకు కనిపించేలా స్క్రీన్ మీద "ఇన్సులిన్" అని వెలిగితే టెన్షనే. సిరంజిలున్నాయని తెలిస్తే బ్యాగ్ మీద కన్నేసేవాళ్లుంటారు. అడిగాక నా మెసేజీల్లో మందు పేర్లు తీసేశారు, కానీ అది అడగకముందే జరగాల్సిన పని.

రాత్రిపూట జవాబు రాదు. షుగర్ పడిపోయి స్పృహ తప్పేలా ఉంటే మెసేజ్ పెట్టి కూర్చోకుండా అంబులెన్స్‌కే ఫోన్ చేయాలి. కొత్తగా చేరేవాళ్లు క్లినిక్ నంబరు కాగితం మీద రాసి మందుల సంచిలో పెట్టుకోండి. ఫోన్ పోయినా ఎవరి ఫోన్ నుంచైనా కొత్త నంబరు చెప్పొచ్చు.