ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ లీకు: స్టాప్ లీక్ సీసానా, ఆటోనగరా, షోరూమా?

ఎండలు మొదలైతే చాలు అందరూ ఇదే అడుగుతున్నారు, బండి కింద ఎర్రగా చుక్కలు పడుతున్నాయి, స్టాప్ లీక్ (లీకు ఆగడానికి ఆయిల్‌లో కలిపే మందు) పోయాలా, ఆటోనగర్‌లో సీల్ మార్పించాలా, షోరూంకే ఇవ్వాలా అని. ఏఎంటీ (మాన్యువల్ గేర్ బాక్స్‌కే గేర్లు తనంతట మార్చే యంత్రం తగిలించినది) వాళ్ళు పక్కకి జరగండి, మీది మామూలు గేర్ బాక్సే, అందులో ఉండేది మామూలు గేర్ ఆయిలే.

సీసా సంగతి ఒక్క ముక్కలో చెప్తా. గట్టిపడిన రబ్బరు సీల్‌ని కాస్త ఉబ్బిస్తుంది, అంతే. చాంబర్ (బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ పోయినా, ఆయిల్ కూలర్ పైపు తుప్పు పట్టినా దానివల్ల కాదు. సీవీటీలో (విడివిడి గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే అసలు పోయొద్దు. బండి అమ్మేసేవాళ్ళకి మాత్రం బాగా పనికొస్తుంది లెండి, కొనేవాళ్ళు చూసుకోండి.

ముందు కింద అంతా కడిగించి, బెంజ్ సర్కిల్ దాకా ఒక రౌండ్ వేసొచ్చి లిఫ్ట్ ఎక్కించండి. తడి చాంబర్ చుట్టూనో యాక్సిల్ దగ్గరో ఉంటే బాక్స్ దింపక్కర్లేదు. ఇంజనూ బాక్సూ కలిసేచోట కారుతుంటే బాక్స్ ముందు వైపు ఉండే సీల్ అయ్యుండొచ్చు, దానికి బాక్స్ దించాల్సిందే, సీల్ ఖరీదు కన్నా లేబరే ఎక్కువ. అక్కడ కారేది ఎర్రగా లేకపోతే ఇంజన్ ఆయిల్ ఏమో కూడా చూడండి.

ఇక నా లెక్కలో అసలు తేడా సీల్ ఎవరు మారుస్తారన్నది కాదు, ఆయిల్ ఎవరు ఎలా నింపుతారన్నది. ఇప్పటి బండ్లలో చాలావాటికి డిప్ స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) ఉండదు, బండి లెవెల్‌గా ఎత్తి ఇంజన్ ఆన్‌లో పెట్టి, స్కానర్‌లో (బండి కంప్యూటర్‌కి తగిలించి చూసే పరికరం) ఆయిల్ వేడి చూస్తూ, చాలా మోడల్స్‌లో 40 డిగ్రీల చుట్టుపక్కల, ఆ టైంలో బాక్స్‌కి ఉండే లెవెల్ ప్లగ్ విప్పితే సన్నగా చుక్కలు పడాలి, అదీ లెవెల్ అంటే. మన బెజవాడలో మే నెల మధ్యాహ్నం బయటే అంత వేడి ఉంటుంది కదా, అప్పుడు విప్పితే వేడికి పొంగిన ఆయిల్ బయటికి పోయి, చల్లారాక బాక్స్‌లో తక్కువ మిగులుతుంది, గేర్ పడటం లేటవుతుంది, స్లిప్ అవుతుంది, క్లచ్ ప్లేట్లు కాలతాయి. అందుకే రాత్రే బండి షెడ్డులో వదిలేసి తెల్లారగానే చేయించుకోండి.

వారంటీ ఉంటే షోరూమే, వేరే మాట లేదు. లేకపోతే నేను ఆటోనగర్ వైపే, కానీ ఆటోమేటిక్‌లే చేసే షెడ్డు, స్కానర్ ఉన్నది, మీ బండి మాన్యువల్‌లో రాసిన ఆయిలే తెప్పించేది. షోరూంలో మీరు పక్కన నిలబడి చూసే వీలుండదు, కొన్నిచోట్ల సీల్ లీకుకి బాక్స్ మొత్తం మార్చమంటారు కూడా. పాత ప్యాకింగ్ మీదే గమ్ పూసి బిగించే మేస్త్రి దగ్గర మాత్రం ఆగొద్దు, ఆ గమ్ ముక్కలు ఫిల్టర్‌కి అడ్డం పడతాయి.

2024 బుడమేరు వరదలో మునిగిన బండి చౌకగా కొన్నవాళ్ళూ అడుగుతున్నారు. ఆయిల్ రోజ్ మిల్క్‌లా ఉంటే లోపలికి నీళ్ళు చేరినట్టే, దానికి సీల్ మార్పించడం దండగ, బాక్స్ విప్పి చూడాల్సిందే.