పబ్లిక్ అడ్వకేటా, హిల్స్‌బరో చట్టమా?

1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మందిని బలిగొంది. అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. ఇన్నేళ్లు ఏ తల్లీ ఎదురుచూడకూడదు. మరి ఇలాంటి దుర్ఘటనల్లో అయినవాళ్లను కోల్పోయిన కుటుంబాలకు బ్రిటన్‌లో ఈ రెండింట్లో ఏది ఎక్కువ అక్కరకొస్తుంది?

పబ్లిక్ అడ్వకేట్: 2024 చట్టంతో వచ్చిన పదవి. కుటుంబాలకు దారి చూపుతారు, వాళ్ల గొంతు వినిపిస్తారు. కానీ పత్రాలు ఇవ్వమని అధికారులను బలవంతపెట్టలేరు.

హిల్స్‌బరో చట్టం: 2025 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు. దీని ప్రకారం అధికారులు నిజం దాచడం నేరం, జైలుశిక్ష కూడా పడొచ్చు. ప్రభుత్వ సంస్థలు పాల్గొనే ఇన్‌క్వెస్టుల్లో (మరణాలపై జరిగే న్యాయ విచారణల్లో), ఆదాయంతో పనిలేకుండా, కుటుంబానికి ఉచితంగా లాయర్. నాకైతే ఇదే అసలు బలం. అవతల ప్రజల డబ్బుతో లాయర్ల దండు ఉంటే, ఇవతల కుటుంబాలు చందాలు పోగుచేసుకోవడం అన్యాయం.

దుర్ఘటన జరిగిన తొలి రోజుల అయోమయంలో అడ్వకేటే అక్కరకొస్తారు. విచారణ మొదలై అధికారులు నోరు విప్పకపోతే మాత్రం ఆ చట్టమే కావాలి.