నాలుగు చోట్ల వెతికే పని ఒక్కచోట: సెర్క్స్‌ఎన్‌జీ

రెండు నెలలుగా సెర్క్స్‌ఎన్‌జీ (SearXNG) అనే సెర్చ్ ఇంజిన్ వాడుతున్నాను, నాకైతే బాగా నచ్చింది. ఇది సొంతంగా వెబ్‌ని గాలించదు, మనం అడిగింది గూగుల్, బింగ్, డక్‌డక్‌గో, వికీపీడియా లాంటి వాటికి పంపి, వచ్చినవన్నీ కలిపి, ఒకే లింకు రెండుసార్లు రాకుండా చూపిస్తుంది. 2014లో విడుదలైన సెర్క్స్ అనే ఇలాంటి ప్రాజెక్టు నుంచి 2021లో విడిపోయిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టు, పైసా ఖర్చు లేదు.

మొన్న నాన్న వరిలో కాండం తొలిచే పురుగు గురించి చూడమన్నారు. ముందు కోలన్, దాని పక్కనే తెలుగుకి గుర్తుగా te అక్షరాలు (:te) కొట్టి, తర్వాత మాట రాసి వెతికితే తెలుగు పేజీలు వచ్చాయి. ప్రతి ఫలితం కింద అది ఏ ఇంజిన్ నుంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మూడు పేర్లు కనిపించిన పేజీని ముందు తెరిచాను, మందు మోతాదు అందులోనే దొరికింది.

ఒక్కటే ఇబ్బంది. ఎవరో తమ సర్వర్‌లో పెట్టి అందరికీ తెరిచిన సెర్క్స్‌ఎన్‌జీని వాడుతుంటే, అక్కడ జనం ఎక్కువైనప్పుడు ఒకట్రెండు ఇంజిన్లు జవాబివ్వవు, సరిగ్గా అర్జెంటు పనప్పుడు అలా అయితే టెన్షనే. అందుకే రెండు సర్వర్ల అడ్రసులు బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి, కాస్త కంప్యూటర్ పని తెలిసినవాళ్ళయితే ఇంట్లోనే సొంతంగా పెట్టుకోవచ్చు.