సిజేరియన్ కుట్ల నొప్పి: వెన్ను సూది, టాప్ బ్లాక్, మాత్రల్లో ఏది ఎంతవరకు

తిరుపతి ప్రసూతి ఆస్పత్రిలోనైనా, చిత్తూరు నర్సింగ్ హోముల్లోనైనా సిజేరియన్ ఎక్కువగా నడుముకు ఇచ్చే మత్తు మీదే జరుగుతుంది. ఆ మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. అదే సూదిలో 100 నుంచి 150 మైక్రోగ్రాముల మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు కలిపితే మాత్రం 12 నుంచి 24 గంటలు నొప్పి అదుపులో ఉంటుంది. మొదటి రోజుకి దీన్ని మించింది లేదు. ఒళ్లు దురద, వాంతులు రావచ్చు. చాలా అరుదుగా ఊపిరి మందగిస్తుంది. అందుకే రాత్రంతా కనిపెట్టుకునే సిబ్బంది లేనిచోట మత్తు డాక్టరు ఇవ్వనంటే అది సరైన నిర్ణయమే.

మార్ఫిన్ ఇవ్వనప్పుడు టాప్ బ్లాక్ అడగండి. స్కానింగ్‌లో చూస్తూ పొట్ట కండరాల పొరల మధ్యకి, రెండు పక్కలా సుమారు 20 మి.లీ. చొప్పున మొద్దుబార్చే మందు ఎక్కిస్తారు. కోత నొప్పి కొన్ని గంటలు తగ్గుతుంది గానీ, బిడ్డ పాలు తాగేటప్పుడు గర్భసంచి ముడుచుకుని మెలిపెట్టే నొప్పికి ఇది పనిచేయదు. మార్ఫిన్ ఇచ్చాక మళ్లీ దీనికి డబ్బు పెట్టడం దండగ.

అసలు బరువు మోసేవి చవక మాత్రలే. పారాసిటమాల్ 1 గ్రాము 6 గంటలకోసారి, ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. 8 గంటలకోసారి, అదీ తిన్నాక. 50 కిలోల లోపు ఉంటే పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా. లెక్కన తగ్గించాలి. కిడ్నీ జబ్బు, అల్సర్, ఉబ్బసం, రక్తస్రావం, తీవ్రమైన బీపీ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ఐబుప్రొఫెన్ ముట్టకూడదు. నొప్పి లేచాక వేసుకుంటే అణచడం కష్టం, గడియారం చూసి వేసుకోవాలి. దెబ్బతినేది ఇక్కడే: మార్ఫిన్ దిగే రెండో రోజుకి మాత్రలు మొదలై ఉండవు, బాలింత పళ్లబిగువున ఓర్చుకుంటుంది, చివరికి ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు సూది పడుతుంది. పాలిచ్చే తల్లులకు ట్రమడాల్ వద్దని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. బిడ్డ మగతగా ఉండి పాలు సరిగా తాగకపోవచ్చు, ఊపిరీ మందగించవచ్చు.

ఇంటికెళ్లాక మందుల చీటీ ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ కలిసిన మాత్రకి తోడు డోలో 650 వేస్తే పారాసిటమాల్ రెండుసార్లు పడినట్టే. ఎసిక్లోఫెనాక్ కూడా ఐబుప్రొఫెన్ జాతి మందే, దానిపై ఐబుప్రొఫెన్ కూడా వేస్తే కడుపుకీ కిడ్నీకీ దెబ్బ. పత్యం పేరుతో నీళ్లు తగ్గించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఈ మాత్రలు వాడేటప్పుడు అది మరీ ప్రమాదం, పైగా మలబద్ధకంతో ముక్కితే కుట్లు లాగుతాయి.

మంచం మీంచి లేచేటప్పుడు మోకాళ్లు మడిచి, పక్కకి తిరిగి, చేత్తో నొక్కి లేవాలి. దగ్గొస్తే దిండు కుట్లకి అదిమి పట్టుకోవాలి. నడికట్టు నడకకి ఆసరా ఇస్తుంది, ఊపిరాడనంత బిగించకండి.

కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే తలనొప్పి వెన్ను సూది వల్ల కావచ్చు, మత్తు డాక్టరుకి చెప్పండి. మూడో రోజు దాటాక నొప్పి పెరిగినా, జ్వరమొచ్చినా, కుట్లలో చీము కనిపించినా, పిక్క వాచినా మాత్రలతో నెట్టుకురాకుండా ఆస్పత్రికి వెళ్లాలి.