ఉద్యోగం పోయాక కంపెనీ బీమాను సొంత పాలసీగా మార్చుకున్నాం: నాలుగేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

మా ఆయన పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసేవారు. 2021 చివర్లో ఆ విభాగంలో మనుషులను తగ్గించారు. రావలసిన జీతం, మిగిలిన సెలవుల డబ్బు, పీఎఫ్ గురించి కాగితం మీద వివరంగా రాసి ఇచ్చారు. ఆరోగ్య బీమా ఊసే లేదు. ఫోన్ చేసి అడిగితే, ‘ఆఖరి పనిదినంతో ఆగిపోతుందండీ’ అని ఒక్క మాటలో తేల్చేశారు.

ఆగిపోయే మాట నిజమే. కానీ గ్రూపు పాలసీలో ఉన్న ఉద్యోగి, అతని కుటుంబ సభ్యులు అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారవచ్చని బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు చెబుతున్నాయి. దీన్ని మైగ్రేషన్ అంటారు. హెచ్‌ఆర్ వాళ్లు చెప్పరు, ఏజెంట్లకు ఇష్టం ఉండదు. మా వీధిలోని ఏజెంట్ అయితే, ‘ఆ తలనొప్పి మనకెందుకు అక్కా, వేరే కంపెనీలో కొత్త పాలసీ రాయించేస్తాను, రేపటికల్లా చేతిలో ఉంటుంది’ అన్నాడు. ఆయన కమీషన్ ఆయనది. నేను ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదో చెబితేనే ఈ సమీక్షకు అర్థం ఉంటుంది. మా ఆయనకు బీపీ, అత్తగారికి షుగర్. కొత్త పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు అప్పటి నిబంధనల ప్రకారం నాలుగేళ్ల వరకు డబ్బు రాకపోవచ్చు. 2024 నుంచి ఈ గరిష్ఠ పరిమితిని మూడేళ్లకు తగ్గించారు. ఇవి కాక కిడ్నీలో రాళ్లు, హెర్నియా, కంటిపొర వంటి వాటికి సాధారణంగా రెండేళ్లు వేచి ఉండాలి. అదే సంస్థలో మారితే గ్రూపులో గడిపిన ఏళ్లు లెక్కలోకి వస్తాయి. మేము 2018 నుంచి ఒకే సంస్థ గ్రూపు పాలసీలో ఉన్నాం. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అప్పటికే గడిచిపోయినట్టు. మేము ప్రీమియం కట్టి కొన్నది ఆ మూడేళ్లను.

ఒక మెలిక ఉంది. గ్రూపులో మా కుటుంబానికి మూడు లక్షల కవరేజీ ఉండేది, కొత్త పాలసీ ఐదు లక్షలకు తీసుకున్నాం. పాత ఏళ్ల లెక్క ఆ మూడు లక్షల వరకే వర్తిస్తుంది. పైన ఉన్న రెండు లక్షలకు నిరీక్షణ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

మారడం పెద్ద పని కాదు, ఓపిక కావాలి. పాత సంవత్సరాల ఈ-కార్డులు, ఉద్యోగం వదిలిన లేఖ, ప్రతిపాదన పత్రం ఇచ్చాం. అత్తగారికి వైద్య పరీక్షలు చేయించారు. మారే హక్కు మనకున్నా, పరిశీలన జరిపి షరతులు పెట్టే హక్కు సంస్థకూ ఉంది. ఆమెకు వేరే పాలసీ, దాని మీద 20 శాతం కో-పే పెట్టారు. అంటే ప్రతి బిల్లులో ఐదో వంతు మనదే. బేరం కుదరదు, ఒప్పుకున్నాం.

పాలసీ చేతికి వచ్చాక చూడవలసింది ఒక్క గడి. పాలసీ షెడ్యూలులో ప్రతి సభ్యుడి పేరు ఎదురుగా, తొలిసారి బీమా మొదలైన తేదీ అని ఉంటుంది. మాకు వచ్చిన మొదటి ప్రతిలో అందరి పేర్ల ఎదురుగా కొత్త తేదీయే ఉంది. మూడేళ్ల చరిత్ర కాగితం మీద లేదు. వెంటనే మెయిల్ పెట్టి, పాత కార్డులు జతచేసి, 2018 తేదీ వేయించుకునే దాకా వదిలిపెట్టలేదు. అప్పట్లో నచ్చని పాలసీని వెనక్కి ఇవ్వడానికి పదిహేను రోజులే గడువు. ఇప్పుడు ముప్పై రోజులు ఉంది కాబట్టి నింపాదిగా చూసుకోవచ్చు.

ఆ గడి విలువ 2022 వేసవిలో తెలిసింది. మా ఆయనకు కిడ్నీలో రాయి, నొప్పి భరించలేని స్థితి. శ్రీకాకుళంలో మా బీమా సంస్థ నెట్‌వర్క్‌లో, అంటే దానితో ఒప్పందంలో, ఉన్న ఆసుపత్రులు తక్కువ, ఉన్నవాటిలో ఆ రోజు యూరాలజీ డాక్టర్ లేరు. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి విశాఖ చేరాం. క్యాష్‌లెస్, అంటే బిల్లు బీమా సంస్థే నేరుగా ఆసుపత్రికి కట్టడం, తిరస్కరించారు. కారణం: పాలసీ వయసు ఆరు నెలలు, రాళ్లకు రెండేళ్ల నిరీక్షణ ఉంది. ఆసుపత్రి బీమా కౌంటర్లో ఉన్న అమ్మాయికి షెడ్యూలు చూపించి ఆ తేదీ కింద గీత గీశాను. ‘ఇది పైకి పంపిస్తాను మేడం, గ్యారంటీ ఇవ్వలేను’ అంది. సాయంత్రానికి అనుమతి వచ్చింది. ఏజెంట్ మాట విని ఉంటే ఆ బిల్లు మొత్తం ఉద్యోగం లేని ఇంటి మీద పడేది.

అత్తగారి పాలసీ గురించి ఇంత ఉత్సాహంగా రాయలేను. కంటిపొర ఆపరేషన్‌కు ఒక్కో కంటికి ఇంత అని పరిమితి ఉంది, దాని మీద కో-పే. రెండూ పోగా చేతికి వచ్చింది సగానికి కాస్త ఎక్కువ. ఈ ఏడాది కాలి పుండుతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు ముందే లెక్క వేసుకున్నాం. ఆమె పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో ఒక శాతం, అంటే మూడు లక్షలకు రోజుకు మూడు వేలు. అంతకంటే ఖరీదైన గది తీసుకుంటే అద్దెలో తేడాతో సరిపోదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ ఖర్చుల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. మందులు, పరీక్షలకు ఆ కోత ఉండదు. అందుకే ఇద్దరు రోగులుండే గదే అడిగాం. అత్తగారికి మాత్రం పక్క మంచం మీద ఆమదాలవలస ఆవిడ దొరికింది, ఇద్దరికీ కబుర్లకు లోటు లేకపోయింది.

క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో, డిశ్చార్జి మీద మూడు గంటల్లో నిర్ణయం చెప్పాలని 2024లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. చేరేటప్పుడు నిజంగానే తొందరగా తేలింది. డిశ్చార్జి రోజు మాత్రం మధ్యాహ్న భోజనం, సాయంత్రం టీ రెండూ అక్కడే అయ్యాయి. అయినా పొద్దున మొదలైతే రాత్రికి గానీ వదలని పాత రోజులకంటే నయం.

ప్రీమియం సంగతి. మా నలుగురిదీ మొదటి ఏడాది ఇరవై ఒక్క వేల చిల్లర, అత్తగారిది ఒక్కదానికే అంతకంటే ఎక్కువ. జీతం రాని నెలల్లో అది కట్టడానికి నా గాజులు బ్యాంకులో పెట్టాం. ఏటా పెరుగుతూనే ఉంది. రెండు ఊరటలు దొరికాయి. అరవై దాటినవాళ్ల ప్రీమియాన్ని తమను సంప్రదించకుండా ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ చెప్పింది. ఆ సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు.

అందరికీ ఈ దారి అవసరం లేదు. మా ఆయనతోపాటు బయటికి వచ్చిన ప్యాకింగ్ కుర్రాళ్ల జీతం ఇరవై ఒక్క వేల లోపే కాబట్టి వాళ్లు ఈఎస్ఐలో, అంటే తక్కువ జీతాల ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకంలో, ఉన్నారు. అక్కడ చందా కట్టిన ఆరు నెలలకు జతగా తర్వాతి కాలంలో వైద్యం అందుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు తగినన్ని రోజులు చందా జమ అయితే, వచ్చే జనవరి నుంచి జూన్ వరకు. ఉద్యోగం పోయింది కదా అని కార్డు పారేయకండి. ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, ఎలాగూ ఉంది. ఆ కార్డు చేతిలో ఉండి, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉంటే, చేతిలో డబ్బు ఆడని నెలల్లో అప్పు చేసి ఇంత ప్రీమియం కట్టమని నేను చెప్పను. ఇంట్లో బీపీ, షుగర్, గుండె జబ్బుల్లో ఏది ఉన్నా చెబుతాను.

2023లో మా ఆయనకు మళ్లీ ఉద్యోగం వచ్చింది, గ్రూపు బీమా కూడా వచ్చింది. ‘రెండు బీమాలెందుకు, డబ్బు ఎక్కువైందా?’ అని మా ఆడపడుచు అడుగుతూనే ఉంటుంది. ఆ కంపెనీ కార్డు వాళ్లు ఉంచుకున్నంత కాలమే. సొంతది మేము కట్టినంత కాలం. పైగా ఐదేళ్లు పూర్తయితే, మోసం రుజువైతే తప్ప జబ్బు దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు.

శ్రీకాకుళంలో నెట్‌వర్క్ ఆసుపత్రులు తక్కువన్నదే నా పెద్ద ఫిర్యాదు. అందుకే మా నలుగురి పాలసీని ఈసారి వేరే సంస్థకు పోర్ట్ చేద్దాం, అంటే పాత ఏళ్ల లెక్క పోకుండా మార్చుకుందాం, అనుకుంటున్నాం. రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి కాబట్టి కాగితాలు ఇప్పటినుంచే తీస్తున్నాను. అత్తగారిది కదల్చం. ఈ వయసులో, ఈ షుగర్‌తో ఆమెను కొత్తగా తీసుకునే సంస్థ ఏం షరతులు పెడుతుందో ఊహించగలను.