ఎస్పీ రోడ్డులో బిల్లు లేకుండా ఎల్‌ఈడీ బల్బులు కొని నేను పడ్డ ఇబ్బంది

బెంగళూరులో కొత్తగా ఇల్లు మారుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే బల్బులు కొనండి.

మార్చిలో మారతహళ్లి దగ్గర అద్దె ఇంట్లో దిగాం. పాత ట్యూబులైట్లు తీసేసి అన్నీ ఎల్‌ఈడీలే పెడదామని, ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. నా ఫోన్ మాటలు విని ఒక కొట్టతను తెలుగులో పలకరించాడు. వాళ్లది హిందూపురమట, మాది అనంతపురం. ఊరుగాని ఊళ్లో మన యాస చెవిన పడితే మనసు మెత్తబడిపోతుంది కదా. 12 వాట్ల బల్బు 60 రూపాయలు, రెండేళ్ల గ్యారంటీ. "పోతే తీసుకురా అన్నా, మార్చిస్తా" అన్నాడు. డజను తీసుకున్నాను. బిల్లు అడగడానికి మొహమాటపడ్డాను.

మొదటిరోజు నుంచే హాలు మసకగా ఉండేది. మూడు నెలలు తిరక్కుండానే రెండు మాడిపోయాయి. ఆ తర్వాత ఒక రాత్రి పిల్లల గదిలో బల్బు మీది తెల్ల మూత ఊడి మంచం మీద పడింది. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. అమ్మ స్టూలెక్కి మూత మళ్లీ తగిలించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. చవక బల్బుల్లో చాలావాటికి లోపలి ఎల్‌ఈడీ పలకకీ ఇంటి కరెంటుకీ మధ్య అడ్డు ఏమీ ఉండదు. దాన్ని తాకితే ప్లగ్గులో వేలు పెట్టినట్టే. మూత ఊడితే ముందు మెయిన్ ఆపండి. వైరింగు తేడాగా ఉన్న ఇళ్లలో స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉండొచ్చు.

అనుమానం తీరక మర్నాడు ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, మిగిలిన పది బల్బులూ వేసి మీటరు దగ్గర నిలబడ్డాను. ఒక యూనిట్ కరెంటు కాలితే మీటరులోని ఎర్ర లైటు 3200 సార్లు మిణుకుమంటుందని మా మీటరు మీద రాసుంది. నిజంగా 12 వాట్ల బల్బులైతే పది నిమిషాల్లో అది 64 సార్లు మిణుకుమనాలి. 35 సార్లే మిణుకుమంది. అంటే ఒక్కోటి ఆరున్నర వాట్లే. కరెంటు ఆదా అయిందిగా అంటారేమో, ఆ మసక చాలక మేం టేబుల్ లైటు అదనంగా వేసుకుంటున్నాం. వెలుగును చెప్పేది వాట్లు కాదు, ల్యూమెన్లు. మంచి 9 వాట్ల బల్బు దాదాపు 900 ల్యూమెన్లు ఇస్తుంది. మా అట్టపెట్టె మీద ల్యూమెన్ల మాటే లేదు.

కొట్టుకు తీసుకెళితే అదే మనిషి "బిల్లుందా?" అన్నాడు. అంతే. డబ్బుకన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత కొన్నప్పుడు పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఎల్‌ఈడీ బల్బుల ప్రమాణం నంబరైన ఐఎస్ 16102, దాంతోపాటు ఆర్‌తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు చూశాను. కొట్లోనే నిలబడి ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాను. కంపెనీ పేరు పెట్టె మీదున్నట్టే వచ్చాక డబ్బిచ్చాను. నంబరు లేకపోయినా, వేరే పేరు వచ్చినా అక్కడే వదిలేయండి. బిల్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే ముందు పిల్లల గదిలోవి తీసేయండి. మూత కాస్త కదులుతున్నా చాలు, వాడొద్దు.