రొమ్ము క్యాన్సర్ మరణాల లెక్కలకి ఐఏఆర్‌సీ సైటు: వాడేముందు చూసుకోవాల్సినవి

రొమ్ము క్యాన్సర్ ఏ దేశంలో ఎక్కువమంది ఆడవాళ్ల ప్రాణం తీస్తోందో పోల్చాలంటే, ఉచితంగా దొరికేవాటిలో గ్లోబల్ క్యాన్సర్ అబ్జర్వేటరీని మించింది లేదు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్న ఐఏఆర్‌సీ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, దీన్ని నడుపుతోంది. లాగిన్ గొడవ లేదు. ‘క్యాన్సర్ టుడే’లోకి వెళ్తే 185 దేశాల 2022 అంచనాలు మ్యాపుగానో బార్ చార్టుగానో వస్తాయి.

క్యాన్సర్ దగ్గర ‘బ్రెస్ట్’, ఆ పక్కన ‘ఫీమేల్స్’ పెట్టాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. ‘ఇన్సిడెన్స్’ మీద వదిలేస్తే కనిపించేది జబ్బు వచ్చినవాళ్ల లెక్క. అందులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా పైన ఉంటాయి. ‘మోర్టాలిటీ’కి మార్చండి, మ్యాపు తలకిందులవుతుంది. మెలనేసియా, పాలినేసియా, పశ్చిమ ఆఫ్రికా పైకొస్తాయి. ఈ ఒక్క క్లిక్కు కోసమైనా సైటు చూడాలి.

రెండో తప్పు ‘క్రూడ్ రేట్’, అంటే వయసు తేడాలు సరిచేయని రేటు, తీసుకోవడం. జపాన్‌లో ముసలివాళ్లు ఎక్కువ, నైజీరియాలో పిల్లలు ఎక్కువ. వయసు తేడా తీసేయకుండా ఈ రెంటినీ పక్కపక్కన పెడితే లెక్క అబద్ధం చెబుతుంది. ‘ఏఎస్ఆర్ వరల్డ్’, అంటే వయసు తేడా సరిచేసిన రేటు, ఎంచుకోవాలి. లక్షమంది ఆడవాళ్లకి ఎందరు అన్నది అన్ని దేశాలకీ ఒకే వయసుల కొలతతో వస్తుంది.

ఇండియా మీద నొక్కితే కొత్త కేసులు 1,92,020, మరణాలు 98,337. చూడగానే ‘సగంమంది పోతున్నారు’ అని రాసేస్తుంటారు. అలా భాగించకూడదు. ఆ ఏడు చనిపోయినవాళ్లలో చాలామందికి జబ్బు బయటపడింది అంతకుముందు ఏళ్లలో. దేశాన్ని దేశంతో పోల్చండి: అమెరికాలో జబ్బు వచ్చే రేటు మనకి మూడింతల పైనే, మరణాల రేటు మాత్రం ఇంచుమించు మనదే.

ఎందుకిలా అన్నది మాత్రం మ్యాపు చెప్పదు, అదే దీని పెద్ద లోటు. గడ్డ ముదిరాక ఆసుపత్రికి రావడం, బయాప్సీకి నెలలు పట్టడం, కీమో మధ్యలో ఆపేయడం, ఇవేవీ రంగుల్లో కనిపించవు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 60-60-80 లక్ష్యాలు పక్కన పెట్టుకోవాలి: 60 శాతం కేసులు మొదటి రెండు దశల్లోనే దొరకాలి, 60 రోజుల్లో నిర్ధారణ పూర్తవాలి, 80 శాతం మంది చికిత్స ఆసాంతం చేయించుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణ అని వెతక్కండి, ఇండియా అంతా ఒకే ముద్ద. హైదరాబాద్ అంకె కావాలంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే కేసుల నమోదు, నివేదిక తెరవాలి. 2012-16 నివేదికలో అక్కడ లక్షకి 48, దేశంలోని రిజిస్ట్రీల్లో అదే ఎక్కువ. కానీ అది కూడా కేసుల రేటే, మరణాలది కాదు. ఇంట్లో పోయినవాళ్లకి డాక్టరు కారణం రాసిచ్చే అలవాటు తక్కువ కాబట్టి, మనదగ్గర మరణాల అంకెని కేసుల అంకె కన్నా తక్కువే నమ్మొచ్చు.

5కి 4 ఇవ్వొచ్చు. ఫోన్లో మ్యాపు ఇరుకు, కంప్యూటర్లోనే తెరవండి.